కిటికీలోంచి నేర్పిన వంట

మా అన్నకు ఊపిరితిత్తులు పాడయ్యాయని, ఇక పొగ దరిదాపుల్లోకి పోవద్దని డాక్టరు చెప్పాడు. అన్న వంటవాడు. సూరత్ పక్కనే హజీరాలో ఒక కంపెనీ గెస్ట్‌హౌస్‌లో విదేశీ ఇంజనీర్లకు వండేవాడు. అంతకుముందు పదిహేనేళ్లు సూరత్ మరమగ్గాల మీద దారం నుసి మింగాడు. ఏది ఎంత పాడుచేసిందో ఎవరు చెప్పగలరు? అతను మాత్రం డాక్టరు గది బయటికి వచ్చీ రాగానే నా సంగతే ఎత్తాడు. తన చోట నన్ను పెట్టుకోమని మేనేజరును అడిగాడట. సోమవారం వచ్చి బొగ్గుల మీద బేకన్ చుట్టిన సాసేజ్‌లు చేసి చూపిస్తే తీసుకుంటామన్నారట. నేను పనిచేసే మగ్గాల కార్ఖానా మూతపడి అప్పటికి నాలుగు నెలలు.

"బేకన్ అంటే ఏందన్నా?" అన్నాను.

"పంది మాంసం. ఉప్పుల ఊరవెట్టి సన్నగ కోస్తరు. మీ వదినకు జెప్పకు."

వదిన పక్కనే నిలబడి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం మా డాబా మీద మొదలుపెట్టాం. డాబాను ఆనుకున్న గదిలో, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని అన్న కూర్చున్నాడు. నేను బయట ఎండలో, గెస్ట్‌హౌస్ నుంచి అడిగి తెచ్చిన బొగ్గుల గ్రిల్ ముందు. మాకు మాటలతో పని లేదు. మగ్గాల మోతలో ఒకరి మాట ఒకరికి వినబడదు కాబట్టి కార్ఖానాలో అందరం చేతులతోనే మాట్లాడుకుంటాం. ఆ మోతలో పన్నెండేళ్లు ఉండి నా చెవులు కూడా సగం పోయాయి. అందుకే అన్న ముందే చెప్పాడు: "పనిల వడి నన్ను మర్వకు. మాటిమాటికి ఇటు సూడు."

వేళ్లలా పొడుగ్గా ఉన్న మాంసం సాసేజ్‌లను మూడేసి ముక్కలు చేశాను. ఒక్కో ముక్కకు బేకన్ పట్టీ చుట్టి, నీళ్లలో నానిన పుల్ల గుచ్చి, పైన బెల్లమూ మిరియాల పొడీ అద్దాను. నిప్పులను ఒక పక్కకు నెట్టి వాటి మీద మామిడి చెక్కలు వేస్తే తెల్లటి పొగ దట్టంగా లేచింది. అన్న అరచెయ్యి అడ్డంగా ఊపాడు, ఇప్పుడే వద్దని. పొగ పలచబడి నీలంగా మారేదాకా ముక్కలు పెట్టనివ్వలేదు. నిప్పులకు దూరంగా వాటిని పేర్చాక, మూత పెట్టమని పిడికిలి బిగించాడు. చాలా రోజుల తరువాత అతని చేతులు అంత చురుగ్గా కదలడం చూసి నాకు ప్రాణం లేచివచ్చింది.

ఇంతలో నల్లా వచ్చే వేళయింది. వదిన బిందెలు తీసుకుని కిందికి వెళ్తూ నా భుజం తట్టింది. "తమ్మీ, పొగ ఇటు మర్లుతున్నది. కిటికీ బంద్ జెయ్యమంటే ఇంటలేడు మీ అన్న. పొగ రంగు కనవడాల్నంట. జర సూస్తుండు."

సరేనని తల ఊపాను.

ఆమె వెళ్లిన కాసేపటికి ముక్కలు తిప్పబోతుంటే ఒకటి జారి నిప్పుల్లో పడింది. కొవ్వు అంటుకుని మంట భగ్గుమంది. మగ్గం మనిషి బుద్ధి అక్కడే నన్ను ముంచింది. పోగు తెగినప్పుడు కళ్లు మగ్గం మీదే ఉండాలి, తల తిప్పితే బట్ట పాడవుతుంది. నేను తల తిప్పలేదు. మంట అణిగింది. ముక్కల అంచులు ఎర్రగా నిగనిగలాడాయి. అప్పుడైనా చూశానా? లేదు. మిగతావి ఒక్కటీ మాడలేదన్న గర్వంతో అన్నీ పళ్లెంలో పేర్చుకుని, ఆ తరువాత కిటికీ వైపు చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. పడుకోవడానికి వెళ్లాడనుకుని, పళ్లెం పట్టుకుని నవ్వుకుంటూ లోపలికి నడిచాను.

గదంతా పొగ. అన్న కిటికీ కింద నేల మీద పడి ఉన్నాడు. చేతిలో స్టీలు గ్లాసు. దాని అంచంతా సొట్టలు. కిటికీ ఊచల మీద దాన్ని ఎన్నిసార్లు కొట్టాడో, ఎంతసేపు కొట్టాడో. నాకు ఒక్క దెబ్బ కూడా వినబడలేదు.

ఆసుపత్రిలో రెండో రోజు కళ్లు తెరిచాడు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. నన్ను చూసి, బొటనవేలితో రెండు వేళ్లను మెల్లగా రుద్దాడు. బట్టను వేళ్ల మధ్య పట్టి చూసే సైగ అది, సరుకు ఎట్లా వచ్చిందని కార్ఖానాలో అలాగే అడుగుతాం. బాగా వచ్చిందని నేను బొటనవేలు పైకెత్తాను. అతని కళ్లు నవ్వాయి. మరునాడు పోయాడు.

కర్మలు అయ్యాక గెస్ట్‌హౌస్ వాళ్లు మళ్లీ పిలిచారు. చేసి చూపించాను, తీసుకున్నారు. ఇప్పుడు ప్రతి శనివారం అవే సాసేజ్‌లు చేస్తాను. ఇంజనీర్లు బాగున్నాయంటారు. నువ్వూ ఒకటి తినవయ్యా అంటాడు మేనేజరు. వద్దంటాను. ఆ రోజు ఆసుపత్రిలో అన్నకు చెప్పింది అబద్ధం. ఆ పళ్లెంలోంచి నేను ఒక్క ముక్క కూడా నోట్లో పెట్టుకోలేదు. అవి ఎట్లా వచ్చాయో నాకు తెలియదు.