రాహుకాలం టేపు

ఆ రోజుల్లో కంప్యూటరుకు ఉండే మర్యాద మనిషికి ఉండేది కాదు. తొంభైల చివర్లో కుప్పంలో ఒక పాల కంపెనీ బ్రాంచిలో నేను ఆపరేటరును. మేమందరం ఫ్యాను కూడా సరిగ్గా తిరగని గదిలో చెమటలు కక్కుతుంటే, బీరువా అంత ఉండే ఆ పాతకాలం మిషను మాత్రం ఏసీ గదిలో అల్లుడి మాదిరి కూర్చోని ఉండేది. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాల. (మా ఇంట్లో దేవుడి గదికి కూడా అంత పట్టింపు లేదు.) ఆ మిషను వల్ల నాకు జరిగిన అన్యాయం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తప్పు ఎవరిదో మీరే చెప్పండి.

అప్పటికి నాకు కొత్తగా పెళ్ళయింది. మా ఆవిడ మదనపల్లెలో బడిపంతులమ్మ, నేను కుప్పంలో. శనివారం సాయంత్రం బస్సెక్కితే పలమనేరు, పుంగనూరు దాటి ఇల్లు చేరేసరికి ఆమెకు నిద్ర ముంచుకొచ్చేది, ఆదివారం మాట కలిసేలోపల నాకు తిరుగు బస్సు వచ్చేసేది. ఎన్నో అర్జీలు పెట్టుకోగా మదనపల్లె హెడ్డాఫీసుకు బదిలీ ఆర్డరు వచ్చింది. ఇక నన్ను వదిలిపెట్టాల్సింది మా బ్రాంచి మేనేజరు. ఆయనకు మేం పెట్టుకున్న పేరు ముహూర్తం సారు. పంచాంగం చూడకుండా పెన్ను మూత కూడా తీయడు. "దసరా ముందర పెట్టుకోని ఎప్పుడంటే అప్పుడు పోతావా ఏందప్పా! విజయదశమి పొద్దున పంపిస్తా, దివ్యంగా ఉండాది" అన్నాడు. సరేనని మా ఆవిడకు ఆ మాటే చెప్పుకున్నాను.

నా పనుల్లోకల్లా పెద్దది టేపు చేయడం. పాటల క్యాసెట్టుకు అన్న మాదిరి ఉంటుంది ఆ టేపు. లెక్కలు దాచే టేపులు వేరే, ఇది వేరే. మిషను లోపలి డిస్కు చెడిపోయి, తను ఎవరో తనకే తెలియని స్థితికి వస్తే, దాన్ని మళ్ళీ నిద్రలేపేది ఈ టేపు ఒక్కటే. దీన్ని పెట్టి స్విచ్చి వేస్తే మిషను ఇందులోంచి ప్రాణం తెచ్చుకోని లేస్తుంది. శుక్రవారం శుక్రవారం కొత్తది చేసి, కుప్పంలో నిప్పంటుకున్నా ఇది మిగలాలని పుంగనూరు సెంటరుకు పంపేవాళ్ళం. అంతా బాగానే ఉంది. అయితే ఆ టేపుతో మిషను నిజంగా లేస్తుందా లేదా అని ఎవరూ ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు. "సార్, ఒక్కసారి పెట్టి చూద్దాం, లేస్తుందో లేదో తెలిసిపోతుంది" అని నేను అడిగితే ముహూర్తం సారు నన్ను ఎగాదిగా చూసి, "బాగుండే మనిషికి దినాలు చేస్తారా అప్పా? లక్షణంగా తిరిగే మిషను చచ్చిపోతే అని యాల అంటావు? నోట్లో మంచి మాటే రాదా నీకు?" అని గసిరినాడు.

పండక్కి ముందు శుక్రవారం కరెంటు ఎగ్గొట్టి ఎగ్గొట్టి సరిగ్గా రాహుకాలంలో వచ్చింది. మళ్ళీ ఎప్పుడు పోతుందో అని నేను గబగబా టేపు చేసేసినాను. ముహూర్తం సారు గడియారం చూసి గుండె పట్టుకున్నాడు. "రాహుకాలంలో పుట్టిన టేపు నాకొద్దు. ఇంకోటి చెయ్యి." మధ్యాహ్నం మంచి గడియలో ఇంకోటి చేసి పుంగనూరికి పంపించినాను. రాహుకాలం టేపును పారేయడానికి చేతులు రాక నా డ్రాయరులో పడేసినాను.

ఆయుధపూజ అయింది. గుమ్మడికాయ కొట్టినాము, మిషనుకు బంతిపూల మాల వేసినాము. మర్నాడు విజయదశమి. (పాల కంపెనీకి పండగ సెలవు ఏముంటుంది, ఆవులకు తెలుస్తుందా?) సంచీ సర్దుకోని, ముహూర్తం సారు దగ్గర సంతకం తీసుకోని బస్సెక్కుదామని వచ్చినాను. మిషను స్విచ్చి వేస్తే లేవలేదు. మళ్ళీ వేసినా లేవలేదు. వచ్చే పోయే కరెంటుకు డిస్కులో ఉన్న సరుకంతా చెదిరిపోయింది. ముహూర్తం సారు నా సంచీ చూసినాడు, మిషనును చూసినాడు. "దాన్ని లేపినంక పో" అన్నాడు.

పుంగనూరికి ఫోన్ చేస్తే అక్కడి సూపర్‌వైజరన్న టేపును ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే వ్యానులో తెచ్చినాడు. పసుపు గుడ్డలో చుట్టి, రెండు చేతులతో ప్రసాదం మాదిరి అందించినాడు. టేపు మీద పసుపు, కుంకుమ, ఒక చామంతి రెక్క. పైన ఉన్నదంతా తుడిచి మిషనులో పెట్టినాను. అది కర్రుమని ఒక మూలుగు మూలిగి టేపును బయటికి కక్కేసింది. అనుమానమొచ్చి టేపు పక్కనుండే చిన్న మూత తీసి చూస్తే, లోపల నల్లటి రీలు మీద ఎర్రగా కుంకుమ బొట్టు!

"అన్నా, లోపల యాల పెట్టినావు బొట్టు?" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

"పైన పెడితే డబ్బాకు పెట్టినట్టే గదప్పా. లోపలుండే తల్లికి పెట్టల్ల గదా? ఆయుధపూజ ఊరికే అయితాదా?" అన్నాడు ఆ పెద్దమనిషి, ఎంతో నమ్మకంగా.

ఆయన్ని ఏమనేది? మిషను నోట్లోకి కూడా కుంకుమ పోయింది. ఇంత జరిగితే ముహూర్తం సారు ఎవర్ని తిట్టాల? నన్ను తిట్టినాడు. "టేపు చేసింది నువ్వే గదా! నీ మనసంతా మదనపల్లెలో ఉండాది, పనిలో యాడుండాది?" అన్నాడు. పెట్టి చూద్దామని మొత్తుకున్నది నేను కాదా? మంచి మాట రాదా అన్నది ఎవరు? దూడ ఏడ్చినా గొడ్డు తన్నినా తప్పు పాలు పిండేవాడిదేనా?

పళ్ళు కొరుక్కుంటూ పాల పరీక్ష గదిలో నుంచి స్పిరిట్టు, దూది తెచ్చి, మిషను నోరు కడిగినాను. డ్రాయరులోంచి రాహుకాలం టేపు తీసినాను. దానికి పూజ లేదు, బొట్టు లేదు, పువ్వు లేదు. పెట్టి స్విచ్చి వేసినాను. గుర్రు గుర్రుమని తిరిగి, తిరిగి, తెర మీద పచ్చటి అక్షరాలు ఒక్కొక్కటే వచ్చినాయి. మధ్యాహ్నానికి మిషను లేచి ఎప్పటి మాదిరి కూర్చుంది.

ముహూర్తం సారు టెంకాయ కొట్టినాడు. "చూసినావా! చేసిన పూజ యాడికీ పోదు" అన్నాడు. సూపర్‌వైజరన్న లెంపలు వేసుకున్నాడు. నాకు బస్సు టైము దగ్గర పడింది. నోరు మూసుకోని సంతకం పెట్టించుకోవాల్సింది. కానీ మనిషి ఎంతకని ఓర్చుకుంటాడు! "సార్, లేపింది పూజ కాదు. మీరు వద్దన్న రాహుకాలం టేపు!" అని అరిచినాను.

ముహూర్తం సారు నా చెయ్యి పట్టుకోని తిప్పి చూసినాడు. కళ్ళలో భక్తి. "రాహుకాలాన్నే గెలిచిన చెయ్యప్పా ఇది! ఇట్లాంటి మనిషిని మదనపల్లెకు ఇచ్చేసి కుప్పాన్ని ఏం చేసుకోమంటావు?" అన్నాడు. అని, నా ఆర్డరు మీద 'ఇతను లేకుంటే బ్రాంచి నడవదు' అని రాసి హెడ్డాఫీసుకు తిప్పి పంపించినాడు. ఆ రాసింది కూడా మంచి గడియ చూసే.

ఎస్‌టీడీ బూత్ నుంచి మా ఆవిడకు జరిగిందంతా చెప్పినాను. ఆమె అంతా విని, "పూజ వల్లనే లేచిందని ఊరుకోనుంటే నీ సొమ్మేం పోయేది?" అని ఫోన్ పెట్టేసింది. ఆ తరువాత ఇంకో దసరా వచ్చిపోయినాక గానీ నేను మదనపల్లె చేరలేదు.

మొన్న మా పాప నా ఫోన్లోని ఫొటోలన్నిటికీ కాపీ తీసి ఎక్కడో దాచిపెట్టి, "నాన్నా, ఒకసారి ఇవన్నీ తుడిచేసి, మళ్ళీ వస్తాయో లేదో చూద్దాం" అనింది. అందులో మా పెళ్ళి ఫొటోలుండాయి. ఫోన్ లాక్కోని, "బాగుండే ఫోనుకు దినాలు చేస్తావా? నీ నోట్లో మంచి మాటే రాదా?" అన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ గరిటె పట్టుకోని వచ్చి గుమ్మంలో నిలబడింది. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆ ముహూర్తం సారు ఇప్పుడు యాడుండాడో అని ఇన్నేండ్లు అనుకుంటాండాను. ఈడనే ఉండాడే!" అని పడీ పడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఫోన్ మాత్రం ఇవ్వలేదు.