మైకక్క గొంతు వెనక చప్పుడు

బస్టాండులో ఏళ్ళ తరబడి బస్సుల రాకపోకలు మైకులో చదివినందుకు ఆమెకు మైకక్క అన్న పేరు స్థిరపడిపోయింది. అద్దాల గదిలో కూర్చుని జనం గోల, ఇంజన్ల రొద, ఈలలు, అన్నిటి మీదుగా గొంతును చివరి ప్లాట్‌ఫారం దాకా విసిరేది. తర్వాత ఆ పని కంప్యూటరు చేతికి పోయింది. మైకక్కను పార్సిల్ కౌంటరుకు మార్చారు. అక్కడ రోజంతా మాట్లాడినా మూడే ముక్కలు: బరువెంత, ఎక్కడికి, సంతకం పెట్టండి. గొంతు తుప్పు పట్టిపోతోందని ఆమెకు దిగులు పట్టుకుంది.

చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివించి రికార్డు చేసే గ్రంథాలయం ఒకటి ఉందని ఎవరో చెబితే వెళ్ళింది. ఇంట్లోనే చదివి పంపొచ్చన్నారు. ల్యాప్‌టాప్ ఆడపడుచు ఇచ్చింది. కొత్తది కొనుక్కున్నాక పాతదాన్ని అల్మారాలో పడేసి ఉంచిందట.

"ఆన్ చేసి, కాఫీ కలుపుకుని తాగొచ్చేసరికి తెరుచుకుంటుంది వదినా. అంతకుమించి దానికి జబ్బేం లేదు," అని చెప్పి మరీ ఇచ్చింది.

జబ్బు ఉంది. పావుగంట నడిస్తే చాలు, లోపలి ఫ్యాను హోరెత్తేది. దాని అడుగున ఇంకేదో టిక్కు టిక్కుమని కొట్టుకునేది. మొదటి పుస్తకం పంపాక గ్రంథాలయంలో రికార్డింగులు చూసే ఆవిడ ఫోన్ చేసింది.

"చాలా బాగా చదువుతున్నారండీ. కానీ మీరు పిండిమర పక్కన కూర్చుని చదువుతున్నారా?"

రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లో చప్పుడు తుడిచేసే మీట ఒకటి ఉందని ఆవిడే ఫోనులో చెప్పింది. మైకక్క దాన్ని ఆన్ చేసి పెట్టుకుంది. హోరు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

మైకక్క భర్త డ్రైవింగ్ స్కూలు మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు వేసి ఉంచడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ ఆ కాలు తీసేవారు కాదు. కొత్త పని ఏది మొదలెట్టినా ముందు ఆయన బ్రేకు పడేది. ల్యాప్‌టాప్ విషయంలో మాత్రం ఆయనే ఉపాయం చెప్పారు.

"చప్పుడేగా. దుప్పటి కప్పెయ్యి."

నీలం దుప్పటి మడతపెట్టి కప్పింది. హోరు నిజంగానే అణిగింది. సంతోషంగా ఒక అధ్యాయం దాదాపు చివరిదాకా చదివింది. అప్పుడు తెర ఉన్నట్టుండి ఆరిపోయింది. దుప్పటి తీసి చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టెలా కాలింది. చల్లారాక తెరిచి చూస్తే ఆ సాయంత్రం చదివిందంతా గల్లంతు.

"ఊపిరాడక రొప్పుతుంటే ముక్కు మూసినట్టయిందండీ," అంది మైకక్క. మాస్టారు దుప్పటిని తానే తీసుకెళ్ళి లోపల పెట్టారు.

మర్నాడు ఆమె డ్యూటీ నుంచి వస్తూ కంప్యూటర్లు బాగుచేసే కొట్టుకు వెళ్ళింది. కొట్టాయన ల్యాప్‌టాప్ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"లోపల దుమ్ము పేరుకుంది. వేడి బయటికి పోవట్లేదు, అందుకే ఫ్యానుకంత ఆయాసం. టిక్కుమంటోంది హార్డ్‌డిస్కు. అది పాతకాలపు తిరిగే రకం. దాన్ని తీసేసి ఎస్సెస్‌డీ పెడితే అందులో తిరిగేది ఏదీ ఉండదు, చప్పుడూ ఉండదు. వేగం పెంచే ర్యామ్ ముక్క ఇంకొకటి కూడా వేస్తే హాయిగా నడుస్తుంది. ఇచ్చి వెళ్ళండి, వారంలో చేసిస్తాను."

వారం అనగానే ఆమెకు సగంలో ఆగిన పుస్తకం గుర్తొచ్చింది.

"నేనే ఇంట్లో చేసుకోగలనా?"

అతను నవ్వలేదు. కాస్త ఆలోచించాడు. "తొందర లేకపోతే చేసుకోవచ్చు. అడుగు మూత విప్పగానే ముందు బ్యాటరీ వైరు ఊడదీయండి. స్క్రూలన్నీ ఒకేలా ఉన్నాయనుకోకండి. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే కిందున్న బోర్డును పొడిచేస్తుంది." విడిభాగాలతో పాటు సన్నటి స్క్రూడ్రైవరు, చిన్న గొట్టంలో ప్రాసెసరు చిప్పు వేడిని బయటికి లాగే పేస్టు ఇచ్చాడు. పాత డిస్కులో ఉన్నదంతా ముందుగా కొత్తదానిలోకి కాపీ చేసుకోమని, అందుకు ఒక కేబులు అరువిచ్చాడు. ఎలా చెయ్యాలో వీడియోలు చూసి ఆ పని మాత్రం ముందే ముగించుకుంది.

సెలవురోజు భోజనాల బల్ల మీద పాత తెల్ల చీర పరిచింది. కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, విప్పిన ప్రతి స్క్రూనూ బొమ్మలో దాని చోటునే టేపుతో అంటించింది. మాస్టారు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. గడువు తీరిన బస్సు పాసు కార్డును మూత అంచులోకి దూర్చి మెల్లగా తిప్పితే లోపలి కొక్కెం టప్పుమంది. బల్ల కింద మాస్టారి కాలు నేలను గట్టిగా నొక్కింది.

"విరిగిందా?"

"ఊడింది. అలాగే ఊడుతుందట."

బ్యాటరీ వైరు తీసి, నాలుగు స్క్రూలు విప్పి ఫ్యాను పైకెత్తితే, వేడి బయటికి పోవాల్సిన రాగిరేకుల ముందు బూడిదరంగు గోడలాంటిది కనిపించింది. చిమ్టాతో లాగితే, చిరిగిన పరుపులోంచి దూది వచ్చినట్టు మొత్తం ఒకే పట్టీగా వచ్చేసింది. మైకక్క దాన్ని వెలుతురులో పెట్టి చూసింది.

"అడుగున నల్లగా ఉన్నది మీ చెల్లెలి ఇంటి దుమ్ము. పైన నీలంగా ఉన్నది మన దుప్పటిది."

"దానికి చెప్పకు. రెండూ తనవి కావంటుంది," అన్నారు మాస్టారు. ఆ పొద్దున ఆయన మొదటిసారి నవ్వారు.

రాగిరేకులనూ విప్పి తీస్తే, కింద ప్రాసెసరు మీది పాత పేస్టు ఎండిన సున్నంలా పెచ్చులు కట్టింది. స్పిరిటులో ముంచిన దూదితో తుడిచి, కొత్తది బియ్యపు గింజంత పెట్టి, రేకులనూ ఫ్యానునూ తిరిగి బిగించింది. హార్డ్‌డిస్కు తీసేసి ఎస్సెస్‌డీ పెట్టింది. చివరగా ర్యామ్ ముక్కను దాని గాడిలోకి నొక్కింది. బ్యాటరీ వైరు కలిపి, మూత మూసి, బొమ్మ మీది స్క్రూలు ఒక్కొక్కటిగా తీసి బిగించి, మీట నొక్కింది.

మీట పక్కనున్న చిన్న దీపం వెలిగింది. తెర నల్లగానే ఉండిపోయింది.

మైకక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఉన్నదాన్ని కూడా పాడుచేసుకున్నాననే అనుకుంది. ఇక చదవలేనేమోనన్న ఆలోచన వచ్చేసరికి, కౌంటరుకు మార్చిన రోజు కూడా ఇంతగా బాధపడలేదని ఆమెకే తోచి ఆశ్చర్యపోయింది.

మాస్టారు కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నారు. "బండి ఆగిపోతే నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి ఒకటే చెప్తాను. ఆఖర్న ఏం ముట్టుకున్నావో అక్కడ చూడమని. నువ్వు ఆఖర్న ఏం పెట్టావు?"

ర్యామ్. మళ్ళీ విప్పింది. చూస్తే ఆ ముక్క ఒక పక్కకు ఒరిగి ఉంది. విరుగుతుందన్న భయంతో సరిగ్గా నొక్కలేదు. ఈసారి రెండు పక్కల క్లిప్పులూ క్లిక్కుమనేదాకా నొక్కింది. మీట వేస్తే కాఫీ మాట ఎత్తే వ్యవధి కూడా ఇవ్వకుండా తెరుచుకుంది. ఇద్దరూ చెవులు దగ్గర పెట్టి విన్నారు. ఏమీ వినిపించలేదు.

ఆ సాయంత్రం సంబరంగా చదవడానికి కూర్చుంది. అంత నిశ్శబ్దంలో ఆమె ఎప్పుడూ మాట్లాడి ఎరగదు. బస్టాండులోనూ, తర్వాత ఈ హోరులోనూ, గొంతుకు ఎప్పుడూ ఎదురుగా ఏదో ఒకటి ఉండేది. ఇప్పుడు తన గుటక తనకే వినిపిస్తోంది. కుర్చీ కిర్రుమంటే ఉలిక్కిపడుతోంది. కొన్నాళ్ళు బిగుసుకుపోయి, పాఠం అప్పజెప్పినట్టు చదివింది. అయినా గ్రంథాలయం ఆవిడ మెచ్చుకుంది. పిండిమర మూతపడిందన్నమాట, అంది.

కొన్ని వారాల తర్వాత కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరుగా పనిచేసే ఆవిడట. చూపు లేదు. డ్యూటీకి వెళ్తూ వస్తూ మైకక్క చదివినవి వింటుందట. గ్రంథాలయం వాళ్ళనడిగి నంబరు తీసుకుంది.

"మీ కొత్త పుస్తకాల్లో ఏదో మారిందక్కా. తప్పు పట్టడానికి కాదు, అడుగుదామని చేశాను."

"చప్పుడు పోయిందమ్మా. మిషను బాగుచేశాను."

"అదే అయ్యుంటుంది. ఇదివరకు మీరు ఆగినప్పుడు వెనకాల గాలి హోరులాంటిది వినిపించేది. మీరు అక్కడే ఉన్నారు, పేజీ తిప్పుతున్నారు అనుకునేదాన్ని. ఇప్పుడు మీరు ఆగితే అసలేం ఉండట్లేదు. ఫోన్ చచ్చిపోయిందేమోనని బస్సులో తడుముకుంటున్నాను."

చూసి చెప్తానంది మైకక్క.

జరిగింది చెబితే మాస్టారు, "ఇంత చేసి మళ్ళీ దుమ్ము పోస్తావా ఏంటి?" అన్నారు.

ఆమె పాత రికార్డింగు, కొత్త రికార్డింగు పక్కపక్కన పెట్టి విన్నది. ఆపరేటరు చెప్పింది నిజమే. వాక్యానికీ వాక్యానికీ మధ్య బావిలో పడ్డట్టుంది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉన్నా ఇంత ఖాళీ ఎలా వస్తుంది? వెతగ్గా వెతగ్గా అసలు సంగతి బయటపడింది. చప్పుడు తుడిచే మీట ఇంకా ఆన్‌లోనే ఉంది. తుడవడానికి హోరు లేకపోయేసరికి అది ఆమె ఊపిరినీ, పేజీ తిరగడాన్నీ, గదినీ కలిపి తుడిచేస్తోంది.

మీట ఆపేసి ఒక పేజీ చదివి, మళ్ళీ విన్నది. వాక్యం ముగిశాక చిన్నగా ఊపిరి, కాగితం కదలిక, కిటికీ అవతల దూరంగా వెళ్తున్న బండి. ఎవరో మనిషి ఒక గదిలో కూర్చుని చదువుతున్నట్టుంది. తన ఊపిరి తాను వినడానికి మొదట సిగ్గేసింది. తర్వాత అదే అలవాటైంది, గొంతులో బిగువూ సడలింది.

కొత్త అధ్యాయాలు విన్నాక ఆపరేటరు మళ్ళీ ఫోన్ చేసింది.

"ఇప్పుడు బావుందక్కా. ఒకచోట ఎవరో గ్లాసులో చెమ్చా తిప్పారు."

"మా ఆయన. తీసేసి మళ్ళీ చదవమంటారా?"

"వద్దు. ఆయన్ని కొంచెం నెమ్మదిగా తిప్పమనండి, చాలు."

మాస్టారు ఇప్పుడు ఆమె చదివేవేళ వంటింట్లోకి మేజోళ్ళతో వెళ్తున్నారు. ల్యాప్‌టాప్ తెరను పట్టి ఉంచే బందు వదులైంది. దానికేం చెయ్యాలో కొట్టాయనను అడగాలి. అందాకా తెర వెనక్కి పడిపోకుండా లావుపాటి నిఘంటువు ఆన్చి పెట్టుకుని, మైకక్క ఒక ఓడ కెప్టెన్ ఆత్మకథ చదువుతోంది. ఇంకా సగం పైనే ఉంది.