అన్న కడగని సీటు

నిన్న పొద్దున కాఫీ పొయ్యి మీద పెట్టాను. ఫోన్ మోగింది.

"అత్తా, నాయిన పోయిండు" అన్నాడు మేనల్లుడు.

కాఫీ పొంగి స్టవ్ ఆరిపోయింది. చూస్తూ నిలబడ్డాను. మొన్న ఆదివారమే ఆయన మంచం పక్కన కూర్చొని వచ్చాను కదా, ఇంకెవరి గురించో చెబుతున్నాడేమో అనిపించింది.

పోయింది మా పెద్దన్న దేవదానం. ఎనభై ఆరేళ్లు. వికారాబాద్ స్టేషన్ దగ్గర రేకుల షెడ్డులో జీవితమంతా మెకానిక్.

ఈ వాట్సాప్ గ్రూపులో సగం మందికి ఆయన నవ్వని ముసలాయనగానే తెలుసు. అందుకే రాస్తున్నాను. కళ్లు సరిగా కనిపించట్లేదు, తప్పులుంటే క్షమించండి. రిటైర్డ్ టీచర్ని, తప్పులు రాస్తే ముందు నాకే సిగ్గు.

అరవైల మొదట్లో సంగతి. నాకు పద్దెనిమిదేళ్లు. నాన్న పోయాక ఇల్లు అన్న మీదే నడిచేది.

నాకు టీచర్ ట్రైనింగ్‌లో చేరాలని ఒకటే పిచ్చి. ఎవరైనా పెద్దమనిషి సిఫారసు ఉత్తరం ఇస్తే సీటు ఖాయం అన్నారు. తాండూరులో రాతి గనులున్న ఒక దొర ఇస్తానని మాటిచ్చాడు. ఆయన బండ్లన్నీ అన్నే చూసేవాడు.

ఆ దొరకో రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. టాపు లేదు, విలాయతి సరుకు, అప్పటికే పాతది. హైదరాబాద్‌లో ఎవరో చెప్పారని స్ప్రింగులు కోయించి నేలకు ఆనేంత కిందికి దింపించాడు. చూడ్డానికి మస్తుగా ఉండేది. గుంత తగిలితే మాత్రం స్టీరింగ్ తనంతట తానే పక్కకు గుంజేది.

బండి కిందికి దిగితే స్టీరింగ్ రాడ్ల వాలు మారిపోతుందట, గుంజేది అందుకేనట. అన్న స్టీరింగ్ పెట్టె కింద రేకు ముక్కలు పెట్టి కాస్త పైకెత్తాడు. తాండూరు బండలు నాలుగు మట్టంగా పరిచి చక్రాలు వాటి మీద నిలిపాడు. చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో కొలవడానికి వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం కట్టాడు.

ఖాళీ బండికి కొలిస్తే లాభం లేదు. మనుషులు కూర్చుంటే ఇంకాస్త దిగుతుంది, లెక్క తప్పుతుంది. పక్క సీట్లో కందుల బస్తా పెట్టాడు. డ్రైవర్ సీట్లో బస్తా పెడితే స్టీరింగ్‌ని కదలకుండా అది పట్టుకోదు. దాన్ని పట్టుకునే మనిషే కావాలి.

"చెల్లె, జర వచ్చి గూసో" అన్నాడు.

దొర బక్కమనిషి. నేను బొద్దుగా ఉండేదాన్ని. "నువ్వు గూసుంటే దొర, ఆయన టిఫిన్ డబ్బ, రెండూ గూసున్నట్టే" అని నవ్వాడు. అప్పుడు బాగా నవ్వే మనిషే.

రెండు గంటలు కదలకుండా కూర్చున్నాను. ఆయన వెల్లకిలా పడుకుని రాడ్డు అర చుట్టు తిప్పడం, లేచి దారం చూడడం, మళ్లీ పడుకోవడం. "గట్టిగ వట్టు, ఇడువకు" అని కింద నుంచి కేకలు.

అప్పుడొచ్చాడు దొర గుమాస్తా. నన్ను ఆ సీట్లో చూసి మండిపడ్డాడు.

"దొర సీట్ల గీ పిల్లను గూసవెడ్తవా? మీరేంది, మీ కులమేంది? సీటంత కడిగి, పసుపునీళ్లు జల్లి తాండూరుకు తీస్కరా."

అన్న కింద నుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"గ్రీజు అంటితే కడుగుత. మా చెల్లె గూసుంటే ఏమంటిందని కడగాలె?"

గుమాస్తా వెళ్లిపోయాడు. ఉత్తరం రాదేమోనని ఒకటే భయం. నేనే పోయి బకెట్‌తో నీళ్లు తెచ్చాను.

అన్న బకెట్ లాక్కుని నీళ్లన్నీ రోడ్డు మీద పారబోశాడు.

"ఎక్కు" అన్నాడు.

బస్తా దింపి నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని, బజారు మధ్యలోంచి తీసుకెళ్లాడు. అనంతగిరి ఘాట్ దిగాం. ధారూరు దాటాక తిన్నని రోడ్డు మీద రెండు చేతులూ స్టీరింగ్ మీంచి తీసేశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎన్ని గుంతలు తగిలినా కారు పక్కకు పోలేదు.

తాండూరులో దొర వాకిట్లో దిగి చెప్పాడు.

"స్టీరింగ్ సక్కగ వెట్టిన దొరా. సీటు మాత్రం కడగలే."

దొర నా వైపు చూడలేదు. "తాళం గా అరుగు మీద వెట్టిపో" అన్నాడు.

ఉత్తరం రాలేదు. ఆయన బండ్లూ మళ్లీ మా షెడ్డుకు రాలేదు.

తిరుగు రైల్లో అన్నని అడిగాను. "ఒక్క బకెట్ నీళ్లు పోస్తే నీదేం పోతుండె?"

ఇంటికొచ్చి ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

ఏడాది తర్వాత నా మార్కులతోనే సీటొచ్చింది. ఫీజు కట్టి, ట్రంకు పెట్టె మోసుకొచ్చి దింపింది అన్నే. అయినా నా కోపం పోలేదు. చాలా ఏళ్లు, ఆ ఏడాదిని ఆయనే మింగేశాడని అనుకుంటూ ఉన్నాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

బుద్ధి వచ్చేసరికి నా తల నెరిసింది. వచ్చాక కూడా చెప్పడానికి నోరు పెగల్లేదు. ఆయనా ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు.

మొన్న ఆదివారం చెప్పేశాను. చెయ్యి పట్టుకుని, "అన్నా, ఆ దినం నువ్వు సీటు కడగకుంటెనే మంచిగైంది. నేనే నిన్ను తప్పువట్టిన" అన్నాను.

ఆయన తల నా వైపు తిప్పాడు.

తర్వాత మెల్లగా అన్నాడు.

"కడుగుడెందుకే పిచ్చిదానా? నువ్వు గూసుంటెనే గద, గా బండి సక్కగ పోయింది."

అన్నా, ఇక ఏ బండి కిందా పడుకోకు. మెత్తని చోట, నీ ప్రభువు దగ్గర, హాయిగా నిద్రపో.

నీ చెల్లె,
కరుణ