ఘాట్‌లో బండి చల్లారే దాకా

నా భార్య ఆదిలాబాద్‌లో బస్సు డిపో స్టోర్స్ చూసేది. ఆయిల్ డ్రమ్ములు, కూలెంట్ క్యాన్లు, ఫిల్టర్లు, ఫ్యాను బెల్టులు అన్నీ ఆమె చేతుల మీదుగానే పోయేవి. ఏ బస్సుకు ఆయిల్ మార్చే వేళయిందో మెకానిక్కుల కంటే ముందు ఆమె చెప్పేది. సాయంత్రం ఇంటికి వస్తే కొంగుకు గ్రీజు వాసన వచ్చేది. ఆమె మా మేనత్త కూతురే. చిన్నప్పటి నుంచి నన్ను బావా అనే పిలిచింది. పెళ్లయ్యాక కూడా మరో పిలుపు వెతుక్కోలేదు.

నాది ఫోటో స్టూడియో. పెళ్లిళ్ల రోజుల్లో కెమెరాలు, లైట్లు వేసుకుని ఊళ్లు తిరగాలి. పాత బండి మొరాయించడం మొదలుపెట్టాక, హైదరాబాద్‌లో ఒకరు కొన్నేళ్లు వాడిన హైబ్రిడ్ కారు అమ్ముతున్నారని తెలిసి ఇద్దరం చూడటానికి వెళ్లాం. కొంత దూరం పెట్రోలు మీద, కొంత దూరం బ్యాటరీ మీద నడిచే బండి. నేను సీట్లు, రంగు చూస్తున్నాను. ఆమె ఏకంగా బానెట్ ఎత్తించి లోపలికి వంగింది.

"బావ, ఇటు చూడు. దీనికి కూలెంట్ డబ్బాలు రెండున్నయి. ఒకటి ఇంజన్‌కు, ఇంకోటి బ్యాటరీల నుంచి మోటర్‌కు కరెంటిచ్చే గీ పెట్టెకు. రెండూ యాద్ పెట్టుకోవాలె మనం."

ఇద్దరు పిల్లలున్న ఇంటిని చూసినట్టు చూసి నవ్వింది. బండి కొందామని అప్పుడే తేలిపోయింది.

ఆ కారును ఆమె డిపో బస్సులా చూసుకుంది. ఇంజన్ ఆయిల్ చెప్పిన కిలోమీటర్ల కంటే ముందే మార్పించేది. గేర్ల పెట్టెలో నూనె బండి ఉన్నంతకాలం ఉంటుందని షోరూమ్ వాళ్లు చెబితే ఒప్పుకోలేదు. "వాళ్లు ఏసీల కూసుండి రాసిండ్రు. మన మే నెల ఎండ వాళ్లకేం ఎరుక?" అనేది. స్టీరింగ్ కింద పెట్టే బొటనవేలంత పరికరం ఒకటి తెప్పించింది. అది పెడితే బ్యాటరీ ఎంత వేడిగా ఉందో, కూలెంట్ ఎంత వేడెక్కిందో ఫోనులో కనిపించేది. పెద్ద బ్యాటరీ వెనక సీటు కింద ఉంటుంది. సీటు పక్కనున్న చిన్న జాలీలోంచి కారు లోపలి చల్లగాలిని ఒక ఫ్యాను లాగి, దాన్ని చల్లబరుస్తుంది. నేను కెమెరా బ్యాగులు వెనక పడేస్తే, వాటిని జాలీకి అడ్డం లేకుండా జరపడం ఆమె పని.

ఒక ఎండాకాలం నుంచి ఆమె కడుపు ఉబ్బరంగా ఉందంటూ వచ్చింది. మందుల షాపు మాత్రలతో నెట్టుకొచ్చింది. తన చెల్లెలు కరీంనగర్‌లో ఉండటంతో అక్కడి ఆసుపత్రిలో చూపించుకుంది. స్కానింగ్ చూసిన డాక్టరు నన్ను కూర్చోమన్నాడు. గర్భసంచి పక్కన గడ్డ, అప్పటికే పాకింది.

ఇక మా ప్రయాణాలన్నీ కరీంనగర్‌కే. తెల్లవారగానే బయలుదేరి నిర్మల్ ఘాట్ దిగి, ఖానాపూర్ మీదుగా గోదావరి దాటి, జగిత్యాల నుంచి వెళ్లేవాళ్లం. కీమో ఎక్కించుకుని రాత్రికి చెల్లెలింట్లో ఉండి, మరునాడు వెనక్కి వచ్చేవాళ్లం. ఆమె ముందు సీట్లో కూర్చుని ఫోను చూస్తూ బ్యాటరీ వేడి అంకెలు పైకి చదివేది.

"ముప్పై ఆరు. మంచిగున్నది."

కొంత దూరం పోయాక, "ముప్పై తొమ్మిది. జర మెల్లగ పోనియ్యి బావ."

మొదట బండి గురించే అనుకున్నాను. కొన్నాళ్లకు అర్థమైంది, నొప్పి వచ్చినప్పుడే ఎక్కువగా చదువుతోంది. నొప్పి తగ్గితే ఫోను ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి పసుపు చేలు చూసేది. ఆమె అంకె చెబితే "సరే" అనేవాణ్ని. ఆమెకు అది చాలు.

జుట్టంతా ఊడిపోయాక ఒకరోజు కరెంటు పెట్టె కూలెంట్ మార్చాలని పట్టుబట్టింది. నేను తర్వాత చూద్దామన్నాను. వినలేదు. తలకు స్కార్ఫు కట్టుకుని నాతో పాటు మెకానిక్ షెడ్డుకు వచ్చింది. ఆ మెకానిక్ ఖానాపూర్ వాడు, గల్ఫ్‌లో టాక్సీ కంపెనీ వర్క్‌షాపులో ఇలాంటి బండ్లే బాగు చేసి వచ్చినవాడు. డిపో రోజుల నుంచి ఆమెను అక్కా అంటాడు.

"అక్కా, గిది ఇంకో ఏడాది నడుస్తది. గింత తకలీఫ్ పడి ఎందుకొచ్చినవ్?"

"ఏడాది నడుస్తదని నాకూ ఎరుకే తమ్మీ. గిప్పుడు మార్చు. నేను చూస్త."

అతను చేతులు తుడుచుకున్నాడు. ఫ్యాను ఆమె వైపు తిప్పి, ప్లాస్టిక్ కుర్చీ వేశాడు. కింద తొట్టిలోకి గులాబీ రంగు నీళ్లు సన్నగా కారుతుంటే ఆమె చివరి దాకా కదలకుండా చూసింది. కొత్తది పోసి, గాలి బుడగలన్నీ పోయేదాకా మోటారు తిప్పి చూపించాడు. తిరిగి కారెక్కేటప్పుడు ఆమె తలుపు పట్టుకుని ఆగిపోయింది. అతనే వచ్చి రెక్క పట్టుకున్నాడు. నేను డబ్బు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయాడు.

మే నెలలో కీమో ఆపేశారు. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. నొప్పికి మందు రాసిచ్చాడు. ఆమెకు అప్పటికి కూర్చునే ఓపిక లేదు. చెల్లెలు వెనక సీట్లో బొంత పరిచి, దిండ్లు సర్ది పడుకోబెట్టింది. మా కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. బిడ్డకు నేనింకా ఏమీ చెప్పలేదు.

జగిత్యాల దాటేదాకా ఆమె కళ్లు మూసుకునే ఉంది. ఖానాపూర్ దగ్గర, "ఫోనియ్యి" అంది. ఇచ్చాను.

నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుంటే ఎండ నడినెత్తిన ఉంది. టేకు చెట్లకు ఆకు లేదు, రోడ్డు మీద ఆవిరి ఆడుతోంది. ఏసీ పెంచినా లోపల చల్లదనం తెలియడం లేదు. వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"నలభై ఎనిమిది బావ."

ఇంకో మలుపు తిరిగాం.

"యాభై దాటింది. ఆపు."

ఆమె అన్న కాసేపటికే ఎదుట తెర మీద ఎర్ర గుర్తు వెలిగింది. బండి పైకి లాగడం మానేసింది. రోడ్డు వారగా, ఒక తునికి చెట్టు నీడ పడుతున్నచోట ఆపి వెనక తలుపు తీశాను. ఆమె చెయ్యి కిందికి జార్చి సీటు పక్కన తడుముతోంది.

"బొంత జారింది చూడు. జాలీని మూసేసింది. దానికి గాలే అందుతలేదు."

బొంత లాగేశాను. లోపల ఫ్యాను గట్టిగా తిరుగుతున్న చప్పుడు ఒక్కసారి బయటపడింది.

"ఇంజన్ బంద్ చెయ్యకు. ఏసీ నడవనియ్యి. అదే చల్లవడ్తది. ఫికర్ చెయ్యకు."

ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. ఒక లారీ మమ్మల్ని దాటి పోయి ఆగింది. మహారాష్ట్ర బండి. డ్రైవరు దిగి వచ్చి, "కాయ్ ఝాలం?" అన్నాడు, ఏమైందని. నేను నోరు తెరిచేలోపే ఆమె పడుకునే జవాబిచ్చింది.

"కాహీ నాహీ దాదా. గాడీ తాపలీ."

ఏం లేదు అన్నా, బండి వేడెక్కింది అని. అతను ఆమె ముఖం చూశాడు, నా ముఖం చూశాడు. క్యాబిన్‌లోంచి తడి గుడ్డ చుట్టిన నీళ్ల సీసా తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ నీళ్లు ఆమె పెదాలకు అద్దాను.

"డాక్టర్ ఏమన్నడు?" అంది.

నేను కిటికీ వైపు చూశాను.

"నేను అడగలే. నువ్వు చెప్పలే. గిప్పుడు చెప్పు. బండి ఎట్లాగూ కదలది."

చెప్పాను. ఎక్కడా తగ్గించకుండా చెప్పాను. ఆమె నా చేతివేళ్లు పట్టుకుని, నేను ఆగిన ప్రతిసారీ కొంచెం నొక్కింది. అంతా విన్నాక కళ్లు మూసుకుంది. కొనల్లోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. నేను తుడుస్తుంటే మళ్లీ వచ్చాయి.

"బిడ్డ పెండ్లి చూస్తననుకున్న."

నేను ఆమె తల మీద స్కార్ఫు సర్దాను.

"దానికి ఇయాల్నే ఫోన్ చెయ్యి. రమ్మను. దాచకు. నా మొఖం గిట్లున్నప్పుడే చూడనియ్యి, ఆఖరికి వచ్చి ఏడ్వొద్దు."

"చేస్త."

"మళ్ల దవాఖానకు తోల్కపోకు. నాకు ఇంట్ల మంచం చాలు."

"తోల్కపోను."

తర్వాత చాలాసేపు మేం వేరే మాటలు మాట్లాడుకున్నాం. మా మేనత్త ఇంట్లో జామచెట్టు, అది కొట్టేసినప్పుడు ఈమె అన్నం తినకుండా అలగడం, పెళ్లిలో నా ఫోటోలు నేనే తీసుకోలేక తిప్పలు పడటం. ఒకసారి నవ్వింది కూడా. నవ్వు నొప్పి పుట్టించి మధ్యలోనే ఆగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో రోడ్డు పక్కన ఊరికే కూర్చుని అంతసేపు మాట్లాడుకున్నది అదొక్కసారే. ఆ తర్వాత ఇంట్లో మందు మత్తు, వచ్చేపోయే చుట్టాలు. అలాంటి వేళ మాకు మళ్లీ దొరకలేదు.

ఆమె ఫోను నా కళ్ల ముందు పెట్టింది.

"నలభై ఒకటి. ఇగ పోదాం."

బిడ్డ మరునాడు పొద్దున్నే వచ్చింది. తల్లి దగ్గరే పడుకుంది, స్నానం చేయించింది, మాట్లాడించింది. వానలు మొదలవకముందే, ఒక మధ్యాహ్నం, బిడ్డ గంజి కలుపుకొచ్చేలోపు ఆమె వెళ్లిపోయింది. నేను మంచం పక్కనే ఉన్నాను. ఆమె చెయ్యి వెచ్చగానే ఉందని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. బిడ్డ వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విడిపించింది.

వానాకాలమంతా కారు వాకిట్లోనే నిలబడిపోయింది. దాని దగ్గరికి పోలేకపోయాను. స్టూడియోకు నడిచే వెళ్లేవాణ్ని. పెళ్లి పిలుపులు వస్తే వేరేవాళ్లకు చెప్పేశాను. ఒకరోజు మెకానిక్ ఇంటికొచ్చాడు. కవరు తీసి తాళం తిప్పితే బండి పలకలేదు. వైర్లు తగిలించి, తన బండి బ్యాటరీతో దాన్ని లేపాడు.

"అన్నా, గీ బండి నిలవడితే చస్తది. పెద్ద బ్యాటరీ ఖరాబైతది. అమ్ముతె అమ్ము, లేకుంటె వారానికొకపాలన్న తోలు."

అమ్మమని బావమరిది కూడా అన్నాడు. చూడటానికి ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒకాయన వెనక తలుపు తీసి సీటు మీద చెయ్యి వేసి నొక్కి చూశాడు. నేను వెళ్లి ఆ తలుపు మూశాను. అమ్మడం లేదని చెప్పి పంపేశాను.

ఇప్పుడు ఆదివారాలు తోలుతున్నాను. ఎక్కడికన్నది ఏమీ లేదు. ఘాట్ దాకా పోను, పోలేను. అంతకంటే ముందే ఇచ్చోడలో ఆగి, హోటల్ ముందు ఒక చాయ్ తాగి తిరిగి వస్తాను. మొన్న అక్కడుండగా బిడ్డ ఫోను చేసింది.

"ఏడికి పోయినవ్ బాపు?"

"గిట్ల, ఇచ్చోడ దాక."

"ఏం పని?"

"పనేం లేదు బిడ్డా. ఊకెనే."

"ఒక్కనివే పోయినవా?" అని అడిగింది.

ఒక్కణ్నే వచ్చానని చెప్పాను. అటువైపు ఏడుపు మొదలైంది. చాయ్ చల్లారిపోయింది. మళ్లీ ఒకటి పెట్టమని హోటల్ ఆయనకు సైగ చేసి, బిడ్డ ఏడుపు ఆపుకునేదాకా ఫోను చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను.