అత్తకు చెమట ఆగిపోయిన మధ్యాహ్నం

ఆ ఏడు చెన్నైలో మే నెల కత్తిరి ఎండలు మొదలవకముందే కొళాయిలు ఆగిపోయాయి. వాషర్‌మెన్‌పేట్‌లో మా ఇంటి బోరూ ఎండింది. నీళ్ల లారీ వస్తే వీధి వీధంతా బిందెలతో పరుగెత్తేది. దొరికిన నీళ్లు వంటింటి పక్కన డ్రమ్ములో పోసి, మా అత్త వాటిని కొలిచినట్టు వాడేది. నాకు పెళ్లయి ఏడాది కాలేదు. మా ఆయన మామ షాపుకి సరుకు కోసం గుంటూరు వెళ్లారు. ఇంట్లో అత్త, మామ, నేను.

ఆ రోజు పొద్దుననగా అత్త వడియాలు పెట్టడానికి మిద్దె ఎక్కింది. ఎండెక్కాక దిగి రమ్మని పిలిచాను.

"ఇంత ఎండ మళ్లీ యాడ దొరుకుతాదమ్మే. ఇంకో చీర మీద పెట్టేసి వస్తా" అంది.

భోజనాల వేళ దాటినా రాలేదు. నేనే మెట్లెక్కాను. గిన్నెలో పిండి అట్టకట్టింది. వడియాలు చీర అంచు దాటి, ఉత్త సిమెంటు మీద, వరస తప్పకుండా గోడదాకా పోయాయి. ఆ గోడకు ఆనుకుని అత్త ఎండలోనే కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఎప్పుడొచ్చినావు అక్కా? నాయన కూడా వచ్చినాడా?" అంది నన్ను చూసి.

ఆమె అక్కా, నాయనా పోయి చాలా ఏళ్లయింది.

చెయ్యి పట్టుకుంటే కాలింది. నాకు నిలబడ్డచోటే చెమట కారుతోంది. ఆమె నుదుటి మీద ఒక్క చుక్క లేదు.

మామని కేకేశాను. ఇద్దరం మోసుకొచ్చి వరండాలో పడుకోబెట్టాం. అప్పుడే కరెంటు పోయింది. మామ దుప్పటి తెచ్చారు.

"జొరం మాదిరి ఉండాది. కప్పు. మాత్ర మింగిస్తే దిగిపోతాది."

"జొరం కాదు మామా, ఎండ దెబ్బ. కప్పితే వేడి లోపల్నే ఉండిపోతాది. తెలివిలో లేదు, నోట్లో ఏమీ పోయొద్దు. పొలమారుతాది."

"మరి ఏం జేసేది?"

కాలేజీలో ప్రథమ చికిత్స తరగతిలో విన్నదే నాకు తెలిసింది. డ్రమ్ము మూత తీశాను. లారీ మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. మామ ఒక్క క్షణం ఆగి, తనే చెంబు ముంచారు. జాకెట్టు హుక్కులు విప్పి, తల నుంచి పాదాలదాకా పోస్తూ విసనకర్రతో విసిరాం. మా కేకలు విని వచ్చిన పక్కింటావిడ కూల్‌డ్రింకు షాపు నుంచి ఐసు తెచ్చింది. గుడ్డల్లో చుట్టి మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో పెట్టాం.

అత్త సన్నగా నవ్వింది. వెంటనే కాళ్లూ చేతులూ కొట్టుకోసాగాయి. కళ్లు తేలిపోయాయి. నేను ఆమెను పక్కకు తిప్పాను. మామ ఆమెను పేరు పెట్టి పిలిచారు. ఆ పేరు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆమె పలకలేదు.

పక్కింటావిడ ఆటో పిలిచింది. దారి పొడుగునా తడిగుడ్డలు మారుస్తూనే ఉన్నాం. ఆస్పత్రిలో డాక్టరమ్మ థర్మామీటరు చూసి, మాతో మాట్లాడకుండా నర్సును పిలిచింది. చల్లబరుస్తూ తెచ్చారు కాబట్టి ప్రాణంతో వచ్చిందని తర్వాత చెప్పింది.

అత్త బతికింది. కానీ అడుగు తిన్నగా పడేది కాదు, మాట ముద్దగా వచ్చేది. మెదడుకు వేడి తగిలిందనీ, ఇకమీదట ఎండను ఆ ఒళ్లు తట్టుకోలేదనీ డాక్టరమ్మ అంది.

తర్వాతి ఏడాది ఎండలు ముదరగానే మామ షాపును తన తమ్ముడికి అప్పగించి ఇంట్లో ఉండిపోయారు. మధ్యాహ్నాలు ఆమె పక్కనే కూర్చుని, నిద్రలో ఉన్నా సరే, ఒళ్లు కాలుతోందేమోనని చెయ్యి పట్టుకుని చూసేవారు.

"సాలు, పోండి. నిద్ర పోనీరు" అని ఆమె విసుక్కునేది.

ఆయన కదిలేవారు కాదు.