వదిలేసిన బ్రౌన్ వైరు

మొన్న శ్రావణమాసంలో మా అక్క వాళ్ళ ఊరి హైస్కూలు నుంచి సైన్సు మాస్టారు ఫోన్ చేసి, రాజమండ్రిలో ఏదో ఆఫీసు ఖాళీ చేస్తుంటే మీట నొక్కితే దిగే ప్రొజెక్టరు తెర ఒకటి పిల్లల కోసం అడిగి తెచ్చుకున్నామని, "కాస్త వచ్చి ఆ వైర్లు కలిపి పెడుదురూ బాబాయిగారూ" అని అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేకపోయాను. మోకాళ్ళ నొప్పులని సాకు చెప్పాను గానీ, అసలు సంగతి వేరు. అలాంటి తెరని నేను చివరిసారి ముట్టుకున్నది అదే ఊళ్ళో, ముప్పై ఏళ్ళ కిందట. చివరికి వెళ్ళక తప్పలేదు. గోనెపట్టా విప్పితే ఆ పొడవాటి రేకు పెట్టెలోంచి నీలం, నలుపు, బ్రౌన్, పచ్చ, నాలుగు తీగలు వేలాడుతూ కనిపించాయి. బ్రౌన్ తీగ చూడగానే బెంచీ మీద కూలబడ్డాను. ఉక్కకి తట్టుకోలేకపోయాననుకుని మాస్టారు కంగారుగా మజ్జిగ తెప్పించారు.

నా వయసువాళ్ళలో స్క్రూడ్రైవరు పట్టుకుని బతికినవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి మా కాలపు రంగులు గుర్తుండే ఉంటాయి. ఎరుపు, పసుపు, నీలం మూడూ కరెంటు వచ్చే తీగలు, నలుపు అది తిరిగి వెళ్ళే న్యూట్రలు, పచ్చ రేకుకి తగిలిన కరెంటుని నేలలోకి దింపేసే ఎర్తు. రాజమండ్రిలో నాకు పని నేర్పిన మేస్త్రిగారు వాటిని ఎక్కాల్లా వల్లె వేయించేవారు. కోరుకొండ స్వామి కల్యాణానికి కొండమెట్ల పొడవునా నేను వేసిన దీపాలు ఒక్కటి కూడా ఆరిపోకుండా వెలిగిన ఏడాది, ఆయన నలుగురిలో నా భుజం తట్టారు. మా ఇళ్ళల్లో మగవాళ్ళందరూ వల పట్టినవాళ్ళే, కరెంటు పని పట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుచేత నాకు కాస్త పొగరు కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మా అక్కని మొగల్తూరు అవతల సముద్రం ఒడ్డున ఉన్న పేటలో ఇచ్చారు. మా బావ చెయ్యి మంచిదని ఆ పేటలో గట్టి నమ్మకం. కొత్త పడవైనా, కొత్త వలైనా ముందు బావ చేత బొట్టు పెట్టించాకే నీళ్ళలోకి దించేవారు. అంత గౌరవం ఉన్న మనిషి, నా దగ్గరికొచ్చేసరికి మాత్రం చిన్నపిల్లాడైపోయేవాడు, నన్ను ఆటపట్టించనిదే ఆయనకి అన్నం సహించేది కాదు. నేను బిగించిన స్విచ్చు ఏది నొక్కినా ఒళ్ళంతా వణికించుకుంటూ, కళ్ళు తేలేసి, షాకు కొట్టినట్టు నటించేవాడు. మొదటిసారి నిజమేననుకుని నేను మెయిను ఆపడానికి పరుగెడితే, ఆ ముచ్చట పేటంతా నెల్లాళ్ళు చెప్పుకుని నవ్వారు. ఆ తరువాత నుంచి ఆయనెంత వణికినా నేను కదిలేవాణ్ణి కాదు.

ఆ రోజుల్లో రాజమండ్రిలో ఒక హోటలు పడగొడుతూ, విదేశం నుంచి తెప్పించిన మోటారు తెరని చెత్తలో పారేస్తుంటే నేను అడిగి తీసుకున్నాను. మా అక్క పేటలో వలలు బాగుచేసుకునే పెద్ద హాలుంది, చేపల వేట లేని రోజుల్లో అద్దె ప్రొజెక్టరు తెచ్చి దుప్పటి మీద సినిమా వేసుకునేవారు. ఆ దుప్పటి బదులు ఈ తెర కట్టి నా పనితనం చూపించాలని నా ఉబలాటం. గోడకి ఎత్తేముందు ఒకసారి పరీక్షిద్దామని, రేకు పెట్టెని పడవ తాళ్ళతో దూలానికి మనిషెత్తున వేలాడదీశాం. నాకు తెలిసిన రంగుల ప్రకారం నీలానికి కరెంటు, నలుపుకి న్యూట్రలు ఇచ్చాను. తెర హుందాగా కిందికి దిగింది, హాలంతా చప్పట్లు, మిగతాది బావ చెయ్యి పడ్డాక దించుదామని సగంలోనే ఆపేశాను. ఆ హాల్లో ఎర్తు లేదు కనుక పచ్చ తీగ కత్తిరించేశాను. బ్రౌన్ తీగ బహుశా పైకి చుట్టుకోవడానికి అయ్యుంటుంది, తరువాత చూద్దాంలే అనుకుని, కొసకి టేపు చుట్టకుండానే మడిచి రేకులోకి తోసేశాను. మోటారు తిరుగుతున్నంతసేపూ ఆ ఖాళీ కొసకి కూడా లోపలి నుంచి కరెంటు వస్తుందని, అక్కణ్ణుంచి రేకుకి పాకుతుందని నాకు తెలియదు. నీలమే న్యూట్రలయ్యే లెక్క మరో దేశంలో ఉంటుందని ఊహించనైనా లేదు.

బొట్టు పెట్టడానికి రమ్మని బావకి కబురు పెట్టారు. అప్పుడే వేట నుంచి వచ్చి, ఒంటి మీద నీళ్ళు కారుతుండగా, చెప్పుల్లేని కాళ్ళతో హాల్లోకి వచ్చాడు. కుంకుమలో వేలు ముంచి రేకుకి బొట్టు పెట్టి, భరిణ కుడిచేత పట్టుకుని, రేకు మీద ఎడమచెయ్యి ఆనించి, "కానీరా బావమరిదీ" అన్నాడు. నేను స్విచ్చు వేశాను. ఆయన వణికాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. "చాల్లే బావా, ఎక్కువైంది" అన్నాను. స్విచ్చు నా చేతిలోనే ఉంది. ఎన్ని క్షణాలు గడిచాయో ఇప్పటికీ లెక్క తేలదు, కుంకుమ భరిణ నేల మీద పడి దొర్లాక గానీ నేను దాన్ని ఆపలేదు.

మొగల్తూరు ఆస్పత్రికి మోసుకెళ్ళేసరికే అంతా అయిపోయింది. ఏమైందని అడిగినవాళ్ళకి, పాత సరుకు, లోపలెక్కడో షార్టయిందని చెప్పాను. అందరూ నమ్మారు. ఎవ్వరూ నన్ను ఒక్క మాట అనలేదు. దినం అయ్యాక ఆ తెరని మగవాళ్ళు మోసుకెళ్ళి ఉప్పుటేట్లో పడేసి వచ్చారు, దాంతోపాటు నా బ్రౌన్ తీగ కూడా మునిగిపోయింది. నిజం చెబుతున్నాను, ఆ పూట నాకు ఊపిరాడినట్టయింది.

ఇక మొన్నటి సంగతి. ఇప్పుడు ఏ రంగు దేనికో నాకు బాగా తెలుసు, అయినా నాలుగు తీగల్నీ మీటరుతో రెండేసిసార్లు చూసుకుని, నీలాన్ని న్యూట్రలుకీ, నలుపునీ బ్రౌన్‌నీ దింపే మీటకీ ఎత్తే మీటకీ, పచ్చని ఎర్తుకీ కలిపాను. తెర దిగింది, ఎక్కింది. పిల్లలు కేరింతలు కొట్టారు. వెనక్కి తిరిగితే గుమ్మం బయట మా అక్క. గోనెపట్టా మీద కాళ్ళు తుడుచుకుంటోంది, తుడిచిన కాళ్ళనే మళ్ళీ తుడుచుకుంటోంది. ఆవిడకి అదొక అలవాటు. ఎవరు గడప దాటబోయినా కాళ్ళు తుడుచుకోమని వెంటపడుతుంది. పెద్దతనపు చాదస్తమనుకునేవాణ్ణి.

ఇద్దరం వరండాలో కూర్చున్నాక అక్కే మొదలుపెట్టింది. "బట్టలు మార్చుకునొస్తానే అన్నాడ్రా మీ బావ ఆరోజు. నేనే ఆగనివ్వలేదు. తమ్ముడు ఎదురుచూస్తన్నాడు, ముందెళ్ళి చెయ్యెట్టి రా అని తడికాళ్ళతోనే తోలేశాను. నా చేతులారా చంపుకున్నాను."

ముప్పై ఏళ్ళు ఆవిడ మోసింది అదన్నమాట. అప్పుడు చెప్పాను. బ్రౌన్ తీగ సంగతి, టేపు చుట్టని సంగతి, పాత సరుకని చెప్పిన అబద్ధం, అన్నీ. అక్క తన పాదాల వైపు చూసుకుంది. "మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదురా?" అని మాత్రం అడిగి, లేచి ఇంటికి వెళ్ళిపోయింది.

ఈ రోజుల్లో తీగ ఎక్కడ రేకుకి తగిలినా రెప్పపాటులో బ్రేకరు పడి కరెంటు ఆగిపోతుంది, మా అబ్బాయి ఇంట్లో తడిచేతులతో మీట నొక్కినా ఎవరూ ఉలిక్కిపడరు. మా కాలంలో అలాంటివీ లేవు, ఇళ్ళల్లో ఫోన్లూ లేవు. మనిషికి మాట చెప్పాలంటే బస్సెక్కి వెళ్ళి, ఎదురుగా కూర్చుని చెప్పాలి. నేను ఎన్నిసార్లు బస్సెక్కానో, అక్క చేతి చేపల పులుసు తిని, నోరు కడుక్కుని, ఏమీ చెప్పకుండా తిరిగొచ్చేశానో. ఇప్పుడు పొద్దున్నా సాయంత్రమూ ఫోన్ చేస్తున్నాను, అక్క ఎత్తడం లేదు.