ఆల్ఫా తగ్గింది, కండ్లు పచ్చబడ్డాయి

మా ఇంట్లో చెడ్డ వార్త ఏదున్నా నా చేతే చెప్పిస్తారు. నాకు ధైర్యం ఎక్కువని కాదు, వికారాబాద్‌లో నన్ను మించిన అబద్ధాలకోరు లేడని. అనంతగిరి మీద మూసీ పుట్టే చోట ఓసారి అరచెయ్యి అడ్డం పెట్టాననీ, ఆ పూట హైదరాబాద్‌లో నది ఎండిపోయి జనమంతా వంతెనల మీద నిలబడి పరేషాన్ అయ్యారనీ నేను చెప్పిన సంగతి, బస్టాండ్ దగ్గర నా మోటారు రిపేరు షాపుకు వచ్చే ఎవరినడిగినా చెప్తారు. ఒక్కడూ నమ్మడు. ఇంకో చాయ్ తెప్పించుకుని మళ్ళీ చెప్పమంటాడు.

ఈ గుణం చెడ్డ వార్తకు పనికొస్తుందని కనిపెట్టింది మా నాయిన. పరిగిలో మా చిన్నాయిన బట్టల దుకాణం కాలిపోయిన రోజు పూడూరులో ఉన్న ఆయన ఇంటికి నన్ను పంపాడు. నేను వెళ్ళేసరికి చిన్నాయిన అన్నం ముందు కూర్చున్నాడు. "దుకాణం కాలిపోయింది చిన్నాయినా" అన్నాను. "ఛల్ తీయ్, దొంగోడా" అని నవ్వాడు. పప్పు కలుపుకున్నాడు, మజ్జిగ దాకా తిన్నాడు, చెయ్యి కడుక్కుని తువ్వాలకు తుడుచుకున్నాడు. అప్పుడు నా మొహం చూసి, "నిజమేనారా?" అన్నాడు.

ఇంకెవరు చెప్పినా ఆ అన్నం విస్తట్లోనే ఎండిపోయేది. నేను చెప్తే మనిషికి జర వ్యవధి దొరుకుతుంది. తనకు నమ్మబుద్ధయినప్పుడు నమ్ముతాడు. అప్పట్నుంచి మా ఇంట్లో అదే పద్ధతి.

అక్కను తాండూరు ఇచ్చాం. బావ బండల పాలిష్ ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసేవాడు. బండ మాడకుండా మిషన్ మీద పారే నీళ్ళ బురదలో పొద్దంతా నిలబడి, ఇంటికొచ్చేసరికి మోకాళ్ళ దాకా సున్నం కొట్టిన గోడలా ఉండేవాడు. కల్లు ముట్టడు. అందుకే కార్జంలో గడ్డ ఉందని స్కానింగులో తేలినప్పుడు సగం తాండూరు "చాటుగ తాగేటోడు కావచ్చు" అంది. తాగలేదు. హెపటైటిస్ బి వైరస్ ఏనాటి నుంచో నెత్తుట్లో ఉండి, ఒక్క నొప్పి కూడా చూపించకుండా కార్జాన్ని గట్టిపరిచిందట. ఆ గట్టిపడ్డ కాలేయంలోనే క్యాన్సర్ గడ్డ పుట్టింది. అక్కకూ పిల్లలకూ పరీక్షలు చేశారు. వాళ్ళకు లేదు. టీకాలు వేసి పంపారు.

హైదరాబాద్‌లో పెద్దాసుపత్రి. డాక్టరమ్మ సన్నగా, గట్టిగా మాట్లాడే మనిషి.

"గడ్డ ఎంతుందనేది ఒక్కటే చూడం. మిగతా కాలేయం ఎంత బలంగా ఉందో చూస్తాం. మనిషి తన పనులు తాను ఎంత చేసుకుంటున్నాడో చూస్తాం. మూడూ కలిస్తేనే వైద్యం. ఈయన రోజూ ఎంత నడుస్తాడు?"

"పొద్దున అనంతగిరి ఎక్కుతడు, సాయంత్రం దిగుతడు మేడం" అన్నాను. "నడుమ నన్ను గూడ ఎత్తుకుంటడు."

ఆమె కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. బావ దండం పెట్టాడు. "మేడం, వాడు చెప్పింది రాసుకోకుండ్రి. ఇంటి నుంచి ఫ్యాక్టరీ దాక నడుస్త. ఎనిమిది గంటలు నిలబడి పని జేస్త. ఈ మధ్య జర ఆయాసమైతుంది."

"మీరు చెప్పిందే రాసుకుంటా" అని ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి మాకు సగం బాగైనట్టనిపించింది.

గట్టిపడ్డ కార్జం కాబట్టి కోసి తియ్యడం కుదరదన్నారు. గడ్డ పెద్దది కాబట్టి కార్జం మార్చడమూ కుదరదన్నారు. తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపించి, గడ్డకు నెత్తురు పోయే దారిలో మందు వదిలి, ఆ దారి మూసేస్తారట. తర్వాత చూసి రెండోసారి చేస్తారట. ఆ రెండోసారి మీదే మా ఆశంతా. మొదటిసారి గడ్డను దెబ్బ కొడుతుంది, రెండోసారి అణిచేస్తుంది అని అక్క లెక్క.

మొదటిసారి అయ్యాక నాలుగు రోజులు జ్వరం, కడుపులో మంట. తర్వాత రక్తపరీక్ష చేస్తే ఆల్ఫా అనే అంకె వేలల్లోంచి వందల్లోకి దిగింది. గడ్డ ఎంత హుషారుగా ఉందో ఆ అంకె చెప్తుందట. డాక్టరమ్మ సంతోషిస్తూనే, "ఇది మంచిదే, కానీ కాలేయం బలం చెప్పే బిలిరుబిన్, ఆల్బుమిన్ కూడా చూసుకోవాలి. గుడ్లు, పప్పు బాగా పెట్టండి. హెపటైటిస్ మాత్ర ఒక్క పూట కూడా ఆపొద్దు" అంది. ఈ రెండో మాట మా ఎవరి తలలోకీ ఎక్కలేదు. మాకు పలకడానికి వచ్చిన పేరు ఆల్ఫా ఒక్కటే. తాండూరులో అక్క వాకిలి ఊడుస్తూ పక్కింటామెతో, "మా ఆల్ఫా తగ్గిందమ్మా" అంటుంటే కొత్త కోడలి గురించి చెప్తున్నట్టు ఉండేది. బావతో పనిచేసే కన్నడపాయన కలబురగి నుంచి బెల్లం తెచ్చి అందరి నోట్లో పెట్టాడు. నేను ఊరుకుంటానా, గడ్డ డాక్టరమ్మను చూసి చేతులు జోడించి, సామాను సర్దుకుంటోందని చెప్పాను.

కొన్నాళ్ళకు బావ కండ్లు పచ్చబడ్డాయి.

మా దిక్కు కండ్లు పచ్చబడితే దాని పేరు కామెర్లు, కామెర్లకు మందు పసరు. ఇందులో ఎవరికీ అనుమానం లేదు, చదువుకున్నవాళ్ళకు కూడా. పూడూరు అవతల ఒక ముసలమ్మ ఆదివారం పొద్దు పొడవకముందు పరగడుపున పసరు పోస్తుంది. పైసా తీసుకోదు. పథ్యం మాత్రం గట్టిది. ఉప్పు, నూనె, పప్పు, గుడ్డు, మాంసం ఏవీ ముట్టొద్దు. పలుచటి మజ్జిగ, అన్నం. ఆ పథ్యం నడిచినన్నాళ్ళు ఇంకో మందు నోట్లోకి పోవద్దు.

అక్కా బావా నాకు చెప్పకుండా పోయారు. చెప్తే షాపులో కూర్చుని దాన్నొక కథ చేస్తానని. వికారాబాద్ మీదుగానే బస్సులో పోయి, నా షాపు ముందు నుంచే మళ్ళీ వచ్చారు. అక్క హెపటైటిస్ మాత్రతో సహా ఆసుపత్రి మందులన్నీ పక్కన పెట్టేసింది. పథ్యం మధ్యలో ఆసుపత్రికి రమ్మన్న తారీఖు వస్తే, ముందు ఇది ముగియనీ అనుకున్నారు.

నేను తాండూరు పోయేసరికి బావ కాళ్ళు వాచి ఉన్నాయి. కడుపు ముందుకొచ్చింది, చేతులు పుల్లల్లా అయ్యాయి. విషయం విని అక్క మీద అరిచాను.

"అరుస్తవేందిరా" అంది అక్క. "ఆల్ఫాకు ఇంగ్లీషు మందు, తగ్గింది. కామెర్లకు ఇంగ్లీషు మందు పని చెయ్యదు. రెండు వేరే వేరే రోగాలు. ఒకటి తగ్గినంక ఒకటి వచ్చింది. దేనికి దాని మందు ఇస్తున్న."

ఆమె లెక్కలో తప్పేమీ లేదు, రోగం ఒక్కటే అన్న సంగతి తప్ప. గడ్డా, పచ్చదనమూ, కడుపులో నీళ్ళూ అన్నీ ఆ ఒక్క కార్జానివే.

మర్నాడే హైదరాబాద్ తీసుకుపోయాం. ఈసారి కుర్చీబండిలో. డాక్టరమ్మ అదే ప్రశ్న అడిగింది, ఎంత నడుస్తున్నారని. అనంతగిరి ఊసు నేనెత్తలేదు. బావ నేల చూస్తూ, "మంచం మీదనే ఉంటున్న మేడం" అన్నాడు. రక్తం తీశారు. స్కానింగ్ చేశారు. అక్కను బావ దగ్గర కూర్చోబెట్టి డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచింది.

"గడ్డ నిజంగానే తగ్గింది" అంది. "కానీ బిలిరుబిన్ మూడు దాటిపోయింది. ఆల్బుమిన్ పడిపోయింది. కాలేయం పనిచెయ్యడం మానేస్తోంది. ఇప్పుడు రెండోసారి మందు ఎక్కిస్తే మిగిలిన కాస్త కూడా పోతుంది. క్యాన్సర్ మాత్రలూ ఈ స్థితిలో తట్టుకోలేడు."

"అంటే?"

"బాధ లేకుండా చూసుకుందాం. నీళ్ళు నిండితే తీయిద్దాం. ఇక నెలల లెక్కే. అవి కూడా ఎన్నో ఉండవు."

"పసరు వల్లనా మేడం? పథ్యం వల్లనా?"

"కాలేయం ముందే బలహీనం. మేం చేసిన వైద్యం కూడా దానికి కొంత భారమే. కానీ మాత్ర ఆపకుండా ఉండాల్సింది. తిండి తగ్గకుండా ఉండాల్సింది. పసరులో ఏముందో నాకు తెలియదు. ఏది ఎంత చెడగొట్టిందో విడదీసి నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు." పోబోతూ ఆగింది. "ముందు ముందు పగలంతా నిద్రపోయి రాత్రి మేలుకుంటాడు. లేనిది ఉన్నట్టు మాట్లాడతాడు. కంగారు పడకండి, మాకు ఫోన్ చెయ్యండి. ఆ లోపల ఆయనకు తెలియాలి. ఎవరు చెప్తారు?"

అక్కకు మెట్ల దగ్గర చెప్పాను, రెండోసారి మందు లేదన్న ముక్క వరకే. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది. బావకు ఎవరు చెప్పాలన్నది ఆలోచించను కూడా లేదు. "నువ్వే చెప్పు తమ్మీ" అంది.

తాండూరులో ఇంటి ముందు అరుగు మీద బావకు దిండు వేసి కూర్చోబెట్టాం. పగటి ఎండ వాకిట్లోకి వచ్చింది.

"ఏం బామ్మర్ది, కొత్త కథ తెచ్చినట్టున్నవ్" అన్నాడు.

"తెచ్చిన బావా. గడ్డ తగ్గిందట. కార్జం అయిపోయిందట. రెండోసారి మందు ఎక్కించరట."

తిడతాడని చూశాను. ఛల్ అంటాడనీ, చాయ్ అడుగుతాడనీ, ఏ సాయంత్రానికో మళ్ళీ పిలుస్తాడనీ. బావ తన గోళ్ళు చూసుకున్నాడు. అవీ పచ్చగానే ఉన్నాయి.

"మీ అక్క పంపిందా?"

"ఆఁ."

"మీ ఇంట్ల ఇన్నేండ్ల సంది అల్లుణ్ణి. నిన్నెందుకు పంపుతరో నాకు ఎరుక లేదా?" ఊపిరి తీసుకున్నాడు. "మీ చిన్నాయినకు ఆకలుండె, అన్నం దిన్నడు. నాకు ఆకలి గూడ లేదురా." లోపలికి చూసి కేకేశాడు, కేకంటే ఎంత, గొంతులో గాలంత. "ఇగో, ఇట్రా. నీ తమ్ముడు చెప్పిండు. నమ్మిన."

అక్క తడి చేతులతో వచ్చి గడపలో నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె నా వైపు తిరిగింది.

"డాక్టరమ్మను ఇంకోటి అడిగి ఉంటవ్. నేను మాత్రలు ఆపినందుకేనా?"

"మింగే నోరు నాది" అన్నాడు బావ. "నేను గూడ ఆపిన. బస్సు ఎక్కింది నా కాళ్ళు."

"నిన్ను అడగలే. వాణ్ణి అడుగుతున్న."

ఆ క్షణంలో నా దగ్గర మంచి మంచి అబద్ధాలున్నాయి. పసరు వల్లే ఈ మాత్రం నిలిచాడని డాక్టరమ్మ అన్నదనొచ్చు. ఆ మాత్రలు ఎట్లాగూ పనిచెయ్యనివే అనొచ్చు. నాకు అరనిమిషం చాలు, నమ్మేలా కూడా చెప్పగలను. కానీ బావ అప్పుడే నమ్మినానన్నాడు. ఆ నిజం పక్కన ఒక అబద్ధం పెడితే నిజం కూడా అబద్ధమైపోతుంది. డాక్టరమ్మ అన్నది అన్నట్టు చెప్పాను. కార్జం ముందే బలహీనమని, మందూ భారమేనని, మాత్ర ఆపకుండా ఉండాల్సిందని, తిండి తగ్గకుండా ఉండాల్సిందని, ఏది ఎంతో ఎవరూ చెప్పలేరని.

"ఎవ్వరు చెప్పలేరు అన్నదా?"

"అన్నది."

"కల్పించి ఉంటే ఇంతకంటే మంచిగ కల్పిస్తుంటివి" అంది అక్క. గడపలోనే కూలబడింది. బావ చెయ్యి చాచి ఆమె తల మీద పెట్టబోయాడు, అందలేదు. ఆమే జరిగి ఆ చేతి కిందికి వచ్చింది.

"పిల్లలకు నేనే చెప్త" అన్నాడు బావ. "వీన్ని పంపకుండ్రి."

బిడ్డకూ కొడుక్కూ ఆయనే చెప్పాడు. చూడవచ్చిన వాళ్ళు ఇంకో పసరు, ఇంకో బాబా, ఇంకో ఊరు పేరెత్తితే, "ఇగ మందు లేదన్నా, చాయ్ తాగి పో" అనేవాడు. రెండుసార్లు వికారాబాద్‌లోనే కడుపులో నీళ్ళు తీయించాం. ఆ తర్వాత ఆయనే చాలన్నాడు. ఆ చలికాలం కందులు మార్కెట్టుకు వచ్చేదాకా బతికాడు.

చివరి వారం డాక్టరమ్మ చెప్పినట్టే అయింది. ఫోన్ చేస్తే ఒక సిరప్ చెప్పింది, తాగించాం. రెండు రోజులు తేరుకుని మళ్ళీ మతి తప్పాడు. పిల్లలను గుర్తుపట్టలేదు. నన్ను ఎవరో మేస్త్రీ అనుకున్నాడు. ఒక పగలు ఉన్నట్టుండి మంచం మీద లేవబోయాడు.

"మిషన్‌కు నీళ్ళు ఆగినయి. బండ మాడుతుంది. ఎవడ్రా అక్కడ, నీళ్ళిడువు!"

"ఇక్కడ మిషన్ లేదయ్యా, ఇంట్ల ఉన్నవ్" అంది అక్క. ఆయన ఇంకా పరేషాన్ అయ్యాడు. చేతులు గాల్లో ఆడించాడు, బండను పక్కకు జరుపుతున్నట్టు. నుదుట చెమట పట్టింది.

"ఇడిచిన" అన్నాను.

"వస్తున్నయా?"

"వస్తున్నయి. మస్తు ధార. వాసనొస్తలేదా, తడి బండ వాసన?"

చెవి అటు పెట్టి విన్నాడు. "వినొస్తలేదు" అన్నాడు చిన్నపిల్లాడిలా.

అక్క నా మొహం చూసింది. లేచి స్నానాల గదిలోకి పోయి, బకెట్ కింద పెట్టి, నల్లా పూర్తిగా తిప్పింది.